పిల్లలు పుక్కిలించు మందు

సుల్తానాబాదునకు ధాన్యము తోలుకొని వచ్చిన రైతులు పిల్లలకై పుక్కిలించు మందు సీసాలను కొనిపోవుట చూచుచున్నాము. ఈ శ్రద్ధ మెచ్చదగినదే. కాని యిది పండ్లు తోముటకు బదులు కాదు. ఉదయము, రాత్రి పండ్లు తోమనిదే ఏ మందును పనిచేయదు.

ఆరేండ్ల లోపు బిడ్డలకు దీని నీయరాదు. వారు ఉమియనేరక మ్రింగుదురు. పెద్దపిల్లలకును ముందు మంచినీటితో పుక్కిలించి ఉమియుట నేర్పవలెను. ఆల్కహాలు, అనగా సారాయి, కలసిన రకము పిల్లలకు తగదు. సీసాపై చీటిని చదివించి కొనుడు.

ఫ్లోరైడు గల మందు పండ్లు పుచ్చకుండ కాపాడును. నిత్యము వాడు మందులో సోడియం ఫ్లోరైడు సాధారణముగా నూటికి 0.05 పాలుండును. పంటికి తగిలిన మేలుచేయు నీ పదార్థమే కడుపులోనికి మితిమీరి పోయిన కీడుచేయును. నాటి నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడువలన పండ్లు, ఎముకలు చెడుటను వైద్యులు 1937లో ప్రకటించిరి. నల్లగొండ బాధ మన మెరిగినదే. కావున బావినీరు త్రాగువారు దానిని పరీక్ష చేయించుడు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో దంతవైద్యు నడుగక ఫ్లోరైడు మందు వాడకుడు.

చీటిలోని కొలత ప్రకారము పోసి, పెద్దల యెదుట ఒక నిమిషము పుక్కిలింపజేసి ఉమియింపుడు. పిదప అరగంట ఏమియు తినరాదు, త్రాగరాదు.

పైరుమందునకు మోతాదు చూచు రైతు బిడ్డ నోటిమందునకు చూడకుండునా?