ఫ్లూ టీకా సామర్థ్యం: శాతాల వెనుక ఉన్న వాస్తవాలు

వర్షాకాలం ప్రవేశించినంతనే ఫ్లూ జ్వరాల వార్తలతో పాటు ఫ్లూ టీకాపై పరస్పర విరుద్ధమైన కథనాలు కూడా వెలువడుట పరిపాటి. టీకా 60 శాతం రక్షణ ఇస్తుందని ఒక కథనం చెప్పగా, 71 మందికి వేస్తే ఒక్కరికే ప్రయోజనమని మరొకటి చెబుతుంది. ఈ రెండు అంకెలూ ఒకే అధ్యయనం నుండి వచ్చినవి కావడం గమనార్హం.

ఆరోగ్యవంతులైన వయోజనులపై వివిధ దేశాలలో జరిగిన ప్రయోగాలను కోక్రేన్ సంస్థ సమీక్షించి 2018లో ఫలితాలను ప్రకటించినది. దాని ప్రకారం ఒక ఫ్లూ సీజనులో టీకా వేయించుకోని ప్రతి వెయ్యి మందిలో 23 మందికి ఫ్లూ సోకగా, వేయించుకున్న వారిలో 9 మందికి సోకినది. 23 నుండి 9కి తగ్గుదల అనగా సుమారు 60 శాతం. వెయ్యి మందిలో 14 మంది వ్యాధిని తప్పించుకున్నారు గనుక, 71 మందికి ఒకరు చొప్పున అని కూడా అదే ఫలితాన్ని చెప్పవచ్చును. రెండూ సరియైనవే. అయితే మొదటి అంకెను మాత్రమే చదివిన వారు, టీకా వేయించుకున్న నూరు మందిలో 40 మందికి ఫ్లూ తప్పదని అపోహపడే అవకాశమున్నది. వాస్తవానికి ఈ ప్రయోగాలలో వ్యాధి సోకినది వెయ్యికి తొమ్మిది మందికే. కావున సామర్థ్య శాతాన్ని ప్రచురించునపుడు, టీకా లేని వారిలో ఎందరికి వ్యాధి సోకినదో కూడా పేర్కొనుట సముచితం.

ఈ శాతం ఏటా మారుతూ ఉంటుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనాల ప్రకారం ఆ దేశంలో టీకా సామర్థ్యం 2004-05 సీజనులో 10 శాతం, 2010-11లో 60 శాతం, 2014-15లో 19 శాతంగా నమోదైనది. టీకాలో ఏయే వైరస్ రకాలు ఉండవలెనో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధ గోళానికి ఫిబ్రవరిలోను, దక్షిణార్ధ గోళానికి సెప్టెంబరులోను సూచిస్తుంది. తయారీకి పట్టే కొన్ని నెలల వ్యవధిలో వైరస్ రూపు మార్చుకొనినచో టీకాకు, వ్యాధికారకానికి పొంతన కుదరదు. 2014-15లో హెచ్3ఎన్2 రకం విషయంలో జరిగినది ఇదే. వైరస్‌ను కోడిగ్రుడ్లలో పెంచునపుడు కలిగే మార్పుల వలన కూడా కొంత సామర్థ్యం తగ్గుతుంది.

అసలు వివాదం వృద్ధుల విషయంలో తలెత్తినది. టీకా వేయించుకున్న వృద్ధులలో శీతాకాలపు మరణాలు సగం మేరకు తగ్గినట్లు లోగడ అనేక పరిశీలనలు పేర్కొన్నవి. 2005లో అమెరికా పరిశోధకులు దీనిని ప్రశ్నించినారు. ఆ దేశపు వృద్ధులలో టీకా పొందిన వారు 1980కి పూర్వం సుమారు 15 శాతం కాగా 2001 నాటికి 65 శాతానికి పెరిగినను, ఫ్లూ మరణాలలో అందుకు తగిన తగ్గుదల కనిపించలేదు. పైగా శీతాకాలంలో అన్ని కారణాల వలన సంభవించే మరణాలలో ఫ్లూ వాటా 10 శాతానికి మించదు. పదో వంతు మరణాలకు కారణమైన వ్యాధిని అరికట్టి సగం మరణాలను నివారించుట ఎట్లు సాధ్యమన్నది వారి ప్రశ్న. 2006లో వెలువడిన మరొక అధ్యయనంలో ఇందుకు సమాధానం లభించినది. టీకా పొందిన వారికి, పొందని వారికి మధ్య మరణాలలో తేడా ఫ్లూ సీజను ప్రారంభానికి ముందే అత్యధికంగా ఉన్నది! మంచం పట్టి అవసాన దశలో ఉన్నవారు టీకా కేంద్రానికి రాలేరు. వచ్చినవారు మొదటి నుండి కొంత దృఢంగా ఉన్నవారే.

అంతమాత్రాన వృద్ధులకు టీకా నిరుపయోగమని చెప్పుట మరొక పొరపాటు కాగలదు. యాదృచ్ఛిక ప్రయోగాల సమీక్షలో వృద్ధులలో ఫ్లూ వెయ్యికి 60 నుండి 24కు తగ్గినది. అయితే ఆ ప్రయోగాలలో అధిక భాగం పాతవి. మరణాల గురించి వాటిలో తగినంత సమాచారం లేదు. 65 ఏళ్లు, ఆపైబడిన దాదాపు 32 వేల మందిపై జరిపి 2014లో ప్రకటించిన ప్రయోగంలో, అధిక మోతాదు టీకా పొందిన వారికి సాధారణ టీకా పొందిన వారికంటే 24 శాతం తక్కువగా ఫ్లూ సోకినది. ఫ్లూ నిర్ధారణ అయిన తదుపరి వారం రోజులలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరే అవకాశం ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడా అధ్యయనం వెల్లడించినది. మధుమేహం, హృద్రోగం ఉన్నవారికి ఫ్లూ కేవలం జ్వరం కాదనుటకు ఇది నిదర్శనం.

"టీకా వేయించుకున్నా జలుబు వచ్చింది" అన్న ఫిర్యాదు తరచూ వినవస్తుంది. జలుబుకు కారణమయ్యే ఇతర వైరస్‌లపై ఈ టీకా పనిచేయదు. అందుకే పరిశోధకులు జ్వర లక్షణాలతో వచ్చిన వారందరికీ పరీక్ష జరిపి, పాజిటివ్, నెగెటివ్ వచ్చిన వారిలో ఎందరెందరు టీకా పొందినారో పోల్చి సామర్థ్యాన్ని అంచనా వేస్తారు.

మన ప్రాంతానికి సంబంధించి కాలనిర్ణయం ముఖ్యమైనది. 2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో నిర్ధారణ అయిన విషయం విదితమే. నాటి హెచ్1ఎన్1 రకం ఇప్పుడు సాధారణ సీజనల్ ఫ్లూలో భాగమైనది. దేశంలో ఫ్లూ జనవరి-మార్చి మధ్య ఒకసారి, వర్షాల కాలంలో మరొకసారి ప్రబలుతుంది. టీకా వేసిన పిమ్మట రక్షణ ఏర్పడుటకు సుమారు రెండు వారాలు పడుతుంది. కొన్ని నెలలలో అది క్రమేణా తగ్గుతుంది. కనుక అమెరికా క్యాలెండరును అనుసరించి అక్టోబరులో వేసే టీకా వర్షాకాలపు ఫ్లూ ముగిసిన తరువాత గాని అందదు.

ఫ్లూ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో భాగం కాదు. ఆరోగ్య సిబ్బంది, గర్భిణులు, వృద్ధులు, దీర్ఘవ్యాధిగ్రస్తులు ప్రాధాన్యం గల వర్గాలు. ఆరు నెలల లోపు శిశువులకు ఈ టీకా వేయరాదు గనుక గర్భిణికి వేసినదే వారికి కూడా రక్షణ. బి/యమగాట రకం 2020 మార్చి అనంతరం ఎక్కడా నిర్ధారణ కానందున దానిని టీకాలో చేర్చనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో అభిప్రాయపడినది. అందువలన నాలుగు రకాల టీకా బదులు మూడు రకాల టీకా సరఫరా అయినచో దానిని కొరతగా చిత్రించనవసరం లేదు. పెట్టెపై ముద్రించిన సీజను, అర్ధగోళం వివరాలను మాత్రం సరఫరా స్వీకరించునపుడే సరిచూసుకొనవలెను.