ఎక్సెల్ బండెక్కిన మైకు

పొద్దున ఏడు దాటితే చాలు, దేవరకొండ సందుల్లోకి గొంతులు ఒకటొకటిగా వస్తాయి. ముందు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. వెనకాలే పాత ఇనుము, పగిలిన ప్లాస్టిక్. ఆ తర్వాత వెంట్రుకలకు స్టీలు గిన్నెలు. బండాయన నోరు మెదపడు, హ్యాండిల్‌కు కట్టిన హారన్ స్పీకరే పొద్దంతా అరుస్తుంది. ‘ఓ తమ్మీ, జర ఆగు!’ అని వాకిట్లోంచి ఎవరైనా పిలిస్తే, ఆ రొదలో అదొక్కటే ఆయనకు వినపడదు.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తిరుగుడు బేరానికి ఎన్నో ఏళ్లుగా మోపెడే ఆసరా. హోసూరులో తయారైన టీవీఎస్ 50 రోడ్డెక్కింది 1980లో. 2015లో వచ్చిన ఎక్సెల్ 100కూ అదే పని: ముందు ఒక బస్తా, వెనక రెండు గంపలు. బాలానగర్ సీతాఫలమైనా, నల్లగొండ బత్తాయైనా దానిమీదే ఊళ్లు తిరుగుతుంది. పండిన సీతాఫలం రెండు రోజులకు మించి ఆగదు. అందుకే సీజన్‌లో నాలుగు ఊళ్లు చుట్టాల్సిన మనిషికి గొంతు సరిపోదు, మైకు కావాలి.

ఆ మైకు కొనేటప్పుడే చాలామంది మోసపోతారు. డబ్బా మీద ‘1000 వాట్లు’ అని రాసి ఉంటుంది. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో పీఎంపీవో అని కనిపిస్తే, ఆ అంకెను మరిచిపోవడమే మేలు. అది ఏదో ఒక్క క్షణానికి లెక్కగట్టిన కాగితం బలం. చూడాల్సింది నిలకడగా ఇచ్చే బలాన్ని చెప్పే ఆర్ఎంఎస్ వాట్లు. అంతకంటే ముందు చూడాల్సింది స్పీకర్ రకం.

గుండ్రటి కాగితపు కోన్ ఉన్న మామూలు స్పీకర్‌కు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెల్స్ మోత వస్తుంది. అదే వాటు హారన్‌కు ఇస్తే 105 దాకా పోతుంది. పది డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్ల వాట్లు కావాలి. అంటే ఒక్క వాటుతో హారన్ చేసే పనికి 88 డెసిబెల్స్ కోన్ స్పీకర్ 50 వాట్లు తాగుతుంది. గుళ్ల మీద, పెళ్లిపందిళ్ల దగ్గర కనిపించే ఆ రేకు గొట్టం ఇన్నేళ్లుగా ఊరికే నిలబడలేదు. అయితే దానికి బేస్ రాదు. బీట్ పాటలు గట్టిగా పెడితే లోపలి యూనిట్ పలచటి పొర చిరుగుతుంది. మనిషి మాటకే అది పుట్టింది.

బేరానికి చిన్న హారన్ ఒకటి, 12 వోల్టులతో నడిచే 15, 20 వాట్ల ఆంప్లిఫయర్, పెన్‌డ్రైవ్ పెట్టుకునే సందు ఉంటే సరిపోతుంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాను దుకాణాలు వరసగా ఉంటాయి. మహబూబ్‌నగర్ నుంచైనా, నల్లగొండ నుంచైనా వంద కిలోమీటర్ల ప్రయాణం. హారన్ మీద 8 ఓమ్స్ అని ఉంటే ఆంప్లిఫయర్ కూడా దానికి తగ్గదే అయి ఉండాలి. రెండు హారన్‌లు ప్యారలల్‌గా తగిలిస్తే భారం 4 ఓమ్స్‌కు పడిపోతుంది. తట్టుకోలేని ఆంప్లిఫయర్ కాలిపోతుంది.

అసలు తలనొప్పి బ్యాటరీతో. మోపెడ్లు, చిన్న బైకుల్లో ఉండేది 3, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. ఇంజిన్ ఆపి, చౌరస్తాలో నిలబడి గంటన్నర మైకు గట్టిగా పెడితే అది అడుగంటుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లయితే ఆ తర్వాత స్టార్ట్ కావడానికీ మొరాయిస్తాయి. దీనికి పల్లెల్లోనే మందు ఉంది: పురుగుమందు కొట్టే బ్యాటరీ పంపు. అందులో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. మైకు సగటున ఒక ఆంపియర్ లాగినా అది సగానికి రావడానికి నాలుగు గంటలు పడుతుంది. పొద్దటి తిరుగుడుకు సరిపోతుంది, రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు. సగం కంటే కిందికి దింపితే మాత్రం దాని ఆయుష్షు తరుగుతుంది.

బండి బ్యాటరీకే కలపాలనుకుంటే పాజిటివ్ వైరు మీద, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించాలి. మెకానిక్ ‘ఏం కాదన్నా’ అన్నా వినొద్దు. ఆ వైరు సైలెన్సర్‌కు తగిలి కరిగితే ఫ్యూజొక్కటే మంటను ఆపుతుంది. నెగటివ్‌ను చట్రానికి బిగించకుండా నేరుగా బ్యాటరీకి తెస్తే, ఇంజిన్‌తో పాటు వచ్చే ‘కుయ్’ శబ్దం చాలావరకు తగ్గుతుంది. హ్యాండిల్ తిప్పేచోట వైరు కొంచెం వదులుగా ఉండాలి. హారన్ మూతి కాస్త నేలచూపు చూస్తే వాననీళ్లు నిలవవు. గతుకులకు బోల్టులు వదులవుతాయి కాబట్టి రబ్బరు వాషరు, లాకునట్టు తప్పనిసరి.

మూతి ఎటు అన్నది ఇంకా ముఖ్యం. 100 డెసిబెల్స్ మోతలో 15 నిమిషాలు మించి ఉంటే చెవికి చేటని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. నడిపేవాళ్ల ముఖం వైపు తిప్పి కట్టిన హారన్ కొన్నేళ్లలో వాళ్లనే చెవిటివాళ్లను చేస్తుంది. ముందుకు తిప్పి, చెవికంటే కిందికి కట్టాలి.

చట్టం సంగతీ ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బహిరంగంగా వాడకూడదు. బడులు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. ఇళ్లుండే చోట పగటి పరిమితి 55 డెసిబెల్స్. మంచి హారన్ ఒక్క వాటుతోనే 32 మీటర్ల దూరాన 75 వినిపించగలదు. సందులో బటన్ చివరిదాకా తిప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. బేరం జరుగుతున్నంతసేపు మైకు ఆపితే కొనేవాళ్లు కూడా నాలుగు నిమిషాలు నిలబడతారు.

కొనేముందు దుకాణంలో పాట పెట్టించుకోకండి. మీ ఫోన్‌లో మీ గొంతుతో మెల్లగా, మాటకూ మాటకూ మధ్య ఎడమిచ్చి ఒక నిమిషం రికార్డు చేసి తీసుకెళ్లండి. దాన్ని హారన్‌లో వేయించి, రోడ్డు అవతలికి పోయి వినండి. ‘ఉల్లిగడ్డ’ ఏదో, ‘ఎల్లిగడ్డ’ ఏదో విడిగా తెలిస్తేనే పైసలివ్వండి.