తీగ నాడి

మునిగుడ రాయగడ జిల్లాలో నియమగిరి కొండల దాపున ఉన్న చిన్న పట్టణం. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే రైలు మార్గంలో రాయగడ, తెరువలి దాటిన తరువాత ఈ ఊరు వస్తుంది. 1936 వరకు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చెంది ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ జిల్లాగా అందులో చేరింది. 1992లో రాయగడ ప్రత్యేక జిల్లా అయింది. అందుచేత ఈ ప్రాంతపు సంతల్లో ఒడియా, కువి భాషలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది.

కొండల మధ్య ఉన్న ఊరికి దారి ప్రాణం వంటిది. ఒకప్పుడు దారి అంటే బండ్ల బాట. ఆ తరువాత రైలు పట్టా వచ్చింది. ఇప్పుడు వీటికి తోడు కంటికి కనిపించని మరో దారి ఏర్పడింది. పరీక్ష ఫలితాలు, దరఖాస్తులు, పాఠాలు, దూరదేశంలో ఉన్న అన్నయ్య మాట, అన్నీ ఆ దారినే వస్తున్నాయి. అదే ఇంటర్నెట్. 2020లో కరోనా వ్యాధి వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాలు కూడా ఫోనులోకి చేరాయి. సిగ్నలు అందని పల్లెల్లో పిల్లలు గుట్టలెక్కి కూర్చున్నారు. ఈ దారి తెగితే చదువు తెగుతుందని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

మరి ఈ దారి తెగిపోకుండా కాపాడేది ఎవరు? స్తంభం ఎక్కి తీగ సరిచేసే లైన్‌మన్ ఒకరు. ఆయన అందరికీ తెలుసు. కాని రాత్రింబగళ్ళు తీగ నాడి చూస్తూ, దానికి తగినట్లు వేగాన్ని పెంచుతూ, తగ్గిస్తూ ఉండే యంత్రం మరొకటి ఉంది. దాని పని చాలామందికి తెలియదు.

టెలిఫోను తీగ మొదట మాట కోసమే పుట్టింది. 1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోను కనిపెట్టాడు. మన దేశంలో చాలాకాలం పాటు అది పట్టణాల వస్తువుగానే ఉండిపోయింది. దానిని పల్లెకు చేర్చడానికి పాటుపడినవారిలో శామ్ పిట్రోడా ముఖ్యుడు. ఆయన పుట్టింది మునిగుడ ఉన్న రైలు మార్గంలోనే వచ్చే టిట్లాగఢ్‌లో. 1984లో ఆయన చొరవతో సి-డాట్ అనే సంస్థ ఏర్పడింది. ఎండకు, దుమ్ముకు తట్టుకొని, చల్లని గదులు అవసరం లేకుండా పనిచేసే చిన్న ఎక్స్ఛేంజిలను ఆ సంస్థ తయారు చేసింది. వాటి వల్ల రాగి తీగలు మారుమూల గ్రామాల దాకా వెళ్ళాయి.

మనిషి గొంతును స్పష్టంగా వినిపించడానికి సెకనుకు 300 నుంచి 3,400 కంపనాల వరకు మోసుకుపోగల తీగ చాలు. అయితే రాగి తీగ అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కంపనాలను మోయగలదు. ఆ శక్తి అంతా వాడకం లేక పడి ఉండేది. అమెరికాలో జోసెఫ్ లెక్‌లైడర్, జాన్ సియోఫీ వంటి ఇంజనీర్లు దానిని సమాచారం పంపడానికి ఉపయోగించే మార్గం కనుగొన్నారు. దీనినే డి.ఎస్.ఎల్. అంటారు. భారత సంచార్ నిగమ్ సంస్థ 2005 జనవరి 14న మన దేశంలో ప్రారంభించిన బ్రాడ్‌బ్యాండ్ సేవ ఈ పద్ధతి మీదనే నడిచింది.

ఈ పద్ధతిలో తీగను ఒకే బాటగా చూడరు. ఎన్నో సన్నని బాటలుగా విడదీస్తారు. 1999లో ప్రమాణంగా ఏర్పడిన ఎ.డి.ఎస్.ఎల్. పద్ధతిలో ఇటువంటి బాటలు 256. ఇంట్లో మోడెమ్‌ను వెలిగించగానే అది ఎక్స్ఛేంజిలోని యంత్రంతో పలకరింపులు మొదలుపెడుతుంది. ఏ బాట ఎంత శుభ్రంగా ఉంది, ఎక్కడ గోల ఎక్కువగా ఉంది అని రెండు యంత్రాలూ కలిసి పరీక్షిస్తాయి. శుభ్రంగా ఉన్న బాట మీద ఎక్కువ బరువు, గోల ఉన్న బాట మీద తక్కువ బరువు వేస్తాయి. పూర్తిగా చెడిపోయిన బాటను వదిలేస్తాయి. ఒక్కొక్క బాట ఒక్కొక్క విడతలో 15 బిట్ల వరకు మోయగలదు. ఇటువంటి విడతలు సెకనుకు 4,000 ఉంటాయి.

గోల అంటే ఇక్కడ చెవికి వినిపించే గోల కాదు. తీగలో చేరే అనవసరమైన విద్యుత్ అలజడి. దీనికి కారణాలు అనేకం. పక్కనే పోయే మరో తీగలోని సంకేతం ఇందులోకి తొంగిచూస్తుంది. మోటారు తిరిగినప్పుడు, మెరుపు మెరిసినప్పుడు అలజడి పుడుతుంది. రేడియో తరంగాలు తీగను తాకుతాయి. వానాకాలంలో అతుకుల్లోకి నీరు చేరుతుంది. వీటన్నిటికీ తోడు దూరం ఒకటి. ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగినకొద్దీ సంకేతం నీరసిస్తుంది. ఎక్కువ కంపనాలు గల బాటలు ముందుగా మూగబోతాయి. అందుకే తరువాత వచ్చిన మెరుగైన ఎ.డి.ఎస్.ఎల్. పద్ధతిలో ఎక్స్ఛేంజి పక్కనున్న ఇంటికి సెకనుకు 24 మెగాబిట్ల దాకా అందగలిగితే, నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి అందులో చిన్న భాగమే అందుతుంది. గోల ఉన్న దారిలో సమాచారం తప్పు లేకుండా ఎంత వేగంగా పోగలదో దానికి ఒక హద్దు ఉందని క్లాడ్ షానన్ 1948లోనే గణితం ద్వారా నిరూపించాడు. ఎంత తెలివైన యంత్రమైనా ఆ హద్దును దాటలేదు.

హద్దు దగ్గర దాకా వెళ్ళడం కూడా ప్రమాదమే. నిండు కుండ తొణకదని సామెత. కాని కావడి మోసేవాడికి అసలు సంగతి తెలుసు. రాళ్ళ దారిలో అంచు దాకా నింపిన కుండ ఒలకక తప్పదు. అందుకని అతడు కొంత వెలితి ఉంచి నింపుతాడు. తీగ విషయంలోనూ అంతే. యంత్రం సాధారణంగా 6 డెసిబెల్‌ల వెలితి ఉంచుకుంటుంది. అంటే గోల శక్తి నాలుగింతలు పెరిగినా సమాచారం తట్టుకోగలదన్నమాట. అంతకు మించితే తప్పులు దొర్లుతాయి. మరీ మించితే లైను తెగిపోయి, మోడెమ్ మళ్ళీ మొదటి నుంచి పలకరింపులు మొదలుపెట్టవలసి వస్తుంది.

వెలితిని పెంచితే నిలకడ పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ప్రతి 3 డెసిబెల్‌ల వెలితికి ఒక్కొక్క బాట సుమారు ఒక బిట్టును వదులుకోవలసి ఉంటుంది. 200 బాటలు పనిచేసే తీగ మీద లెక్క వేస్తే, సెకనుకు 4,000 విడతల చొప్పున 8 లక్షల బిట్లు తగ్గుతాయి. నిలకడకు చెల్లించే వెల ఇది.

తప్పులను ఎదుర్కోవడానికి మరో ఉపాయం ఉంది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే గణితవేత్తలు సమాచారంతో పాటు కొన్ని అదనపు గుర్తులు పంపి, తప్పులను అవతలి వైపే దిద్దుకొనే పద్ధతి చెప్పారు. కాని ఒకేచోట ఎక్కువ తప్పులు పడితే దిద్దడం సాధ్యం కాదు. అందుకని అక్షరాలను చెదరగొట్టి పంపుతారు. మునిగుడ, రాయగడ, తెరువలి, అంబోదల అనే నాలుగు పేర్లు పంపాలనుకుందాం. వరుసగా పంపితే ఒక మెరుపుకు నాలుగు అక్షరాలు పోయి ‘రాయగడ’ అంతా మాయం కావచ్చు. దానిని ఊహించడానికి ఆధారమే ఉండదు. అలా కాకుండా ముందు నాలుగు పేర్ల మొదటి అక్షరాలు, తరువాత రెండవ అక్షరాలు, ఈ విధంగా పంపితే, నాలుగు అక్షరాలు పోయినా ఒక్కొక్క పేరులో ఒక్కటే పోతుంది. ‘ము-గుడ, రా-గడ, తె-వలి, అం-దల’ అని చూసినవారు పేర్లను పోల్చుకోగలరు. అయితే అన్ని అక్షరాలూ చేరేదాకా ఆగి, తిరిగి కూర్చుకోవాలి. అందువల్ల సమాచారం కొద్దిగా ఆలస్యమవుతుంది. పాఠ్యపుస్తకం దించుకొనేవారికి ఆ ఆలస్యం తెలియదు. ఎదురెదురుగా మాట్లాడుకొనేవారికి, ఆటలు ఆడేవారికి తెలుస్తుంది.

ఏ తీగకు ఎంత వెలితి ఉండాలి? ఎంత చెదరగొట్టాలి? లక్షల తీగలను మనుషులు ఒక్కొక్కటిగా చూసి నిర్ణయించలేరు. అందుకే ఈ పనిని కంప్యూటరుకు అప్పగించారు. ఈ ఏర్పాటును డైనమిక్ లైన్ మేనేజ్‌మెంట్ అంటారు. మారే పరిస్థితిని బట్టి తీగను నడిపించడం అని దీని అర్థం. తీగలో ఎన్ని తప్పులు వచ్చాయి, ఎన్నిసార్లు తెగింది అని ఎక్స్ఛేంజిలోని యంత్రం లెక్క రాస్తుంది. ఆ లెక్కలు కేంద్ర కంప్యూటరుకు చేరుతాయి. వైద్యుడు నాడి చూసి మందు మోతాదు మార్చినట్లు, అది ఒక్కొక్క తీగకు తగిన మార్పు చేస్తుంది. తీగ తరచు తెగుతుంటే వెలితి పెంచుతుంది, లేదా అక్షరాలను ఎక్కువగా చెదరగొడుతుంది, లేదా వేగానికి పై హద్దు పెడుతుంది. కొంతకాలం నెమ్మదిగా ఉంటే ఆ కట్టుబాట్లను కొద్దికొద్దిగా సడలిస్తుంది. బ్రిటన్‌లో 2006లో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ సేవలో కొత్త లైనును మొదటి పది రోజుల పాటు ఇలా గమనించి దాని నిలకడకు తగిన వేగాన్ని నిర్ణయించేవారు.

ఈ యంత్రం దించడంలో తొందరపడుతుంది, పెంచడంలో ఆలస్యం చేస్తుంది. అందులో న్యాయం ఉంది. దరఖాస్తు నింపుతున్నప్పుడు లైను ఒకసారి తెగితే మొదటికే మోసం వస్తుంది. వేగం కొద్దిగా తగ్గితే కొన్ని నిమిషాలు మాత్రమే పోతాయి.

అయితే యంత్రం పొరపడే సందర్భాలు కూడా ఉన్నాయి. మోడెమ్‌ను మాటిమాటికి ఆపి వెలిగిస్తే, తీగే తెగుతున్నదని అది భావించి వేగం తగ్గించవచ్చు. వేగం తగ్గిందని విసుగుతో మళ్ళీ ఆపి వెలిగిస్తే పరిస్థితి మరింత చెడుతుంది. కరెంటు తరచు పోయే ఊళ్ళలో ఇది పెద్ద చిక్కు. దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. కరెంటు పోయిన క్షణంలో మోడెమ్ తనలో మిగిలిన కొద్దిపాటి విద్యుత్తుతో ఎక్స్ఛేంజికి ఒక కబురు పంపగలదు. తీగలో దోషం లేదు, కరెంటు పోయింది అని దాని భావం. ఇంజనీర్లు దానిని ‘చివరి శ్వాస’ అని పిలుస్తారు.

ఇప్పుడు చాలాచోట్ల రాగి తీగల స్థానంలో గాజు తీగలు వస్తున్నాయి. వీటిలో సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. మెరుపులు, మోటార్లు దీనిని కలవరపెట్టలేవు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పథకం, తరువాత భారత్‌నెట్ అనే పేరుతో, గ్రామ పంచాయతీలకు గాజు తీగ వేసే పని చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రారంభమైన ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఇటువంటి తీగలను ఊళ్ళకు చేర్చింది. గాజు తీగకు కూడా కాపలా అవసరమే. అవతలికి అందే కాంతి ఎంత తగ్గిందో యంత్రాలు కొలుస్తూనే ఉంటాయి. సెల్‌ఫోను విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. 4జీ ఫోను తనకు సిగ్నలు ఎంత బాగా అందుతున్నదో టవరుకు ఎప్పటికప్పుడు చెబుతుంది. టవరు దానికి తగినట్లు వేగాన్ని సెకనులో వెయ్యోవంతు కాలంలోనే మార్చగలదు. కొండ మలుపు తిరగగానే వేగం తగ్గినా మాట తెగకుండా ఉండడానికి ఇది ఒక కారణం.

ఇంత చేసినా యంత్రానికి చేతకాని పనులు ఉన్నాయి. చెట్టు కూలి తెగిన తీగను అది అతకలేదు. నీరు చేరిన అతుకును ఆరబెట్టలేదు. వేయని తీగను వేయలేదు. టవరు లేని లోయకు సిగ్నలు పంపలేదు. ఫలానా తీగ బాగాలేదని చెప్పడం వరకే దాని పని. ఆ మాట విని వానలో స్తంభం ఎక్కవలసింది మనిషే. యంత్రం వేగం తగ్గించి తీగ రోగాన్ని కప్పిపుచ్చుతూ పోతే, ఆ ఇంటివారికి తక్కువ వేగమే శాశ్వతమవుతుంది. అందుచేత నాడి చూసే యంత్రంతో పాటు, ఆ లెక్కలు చదివి కదిలే మనుషులు కూడా ఉండాలి. ఆ రెండూ కుదిరిన నాడు, పాఠం వినడానికి ఏ ఊరి పిల్లలూ గుట్ట ఎక్కవలసిన అవసరం ఉండదు.