కృష్ణకు ఎగువన తొలి మందలు

నాగరికతలు నదీతీరములయందే జనించినవని మన పాఠ్యపుస్తకములు తరతరములుగా బోధించుచున్నవి. నైలు, యూఫ్రటీసు–టైగ్రిసు, సింధు, హొయాంగ్‌హో అను పేర్లు వల్లెవేయక బడి దాటిన తెలుగు విద్యార్థి యుండడు. పట్టిసీమ ఎత్తిపోతల మూలమున 2015 నుండి గోదావరి నీరు కృష్ణలో కలియుచున్న ఇబ్రహీంపట్నము ఫెర్రీ రేవులో నిలిచి, ఎదుటి గట్టున నూతన రాజధాని గ్రామములను, దిగువన కొండలను వీడి డెల్టాలోనికి అడుగిడబోవు ఏటిని చూచువానికి, ఆ జాబితాలో కృష్ణ పేరునుగూడ చేర్పవలెనని తోచుట సహజమే. చేర్పవచ్చును, కాని చేర్చవలసిన చోటు ఇది కాదు. మన సీమలో మానవుడు స్థిరనివాసమేర్పరచుకొని, పశువులను మందకట్టి, విత్తు చల్లినది ఈ ఒండ్రు మాగాణిలో గాక, ఏటికి బహుదూరము ఎగువన, వానకై ఆకాశమును చూచుచుండెడి రాళ్ళసీమల మెట్టనేలలలో.

ప్రపంచమున మొట్టమొదటి నాగరికత ఎక్కడిదను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పబూనుట అపాయకరము. ఏలయన ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెనవైచుకొనియున్నవి. నగరము, లిపి, పన్ను, పాలకుడు అనునవి నాగరికతకు లక్షణములని యెంచినచో, క్రీ.పూ. 3200 ప్రాంతమున మట్టిపలకలపై ధాన్యపు లెక్కలను, గొర్రెల లెక్కలను గీసికొనిన సుమేరియనుల ఉరుక్ నగరమునకే అగ్రతాంబూలమీయవలెను. ఈజిప్టు దానికి దాదాపు సమకాలికము. హరప్పా, మొహెంజొదారోల మహానగరదశ క్రీ.పూ. 2600 నాటిది. అట్లుగాక, మనుష్యుడు విత్తనము నాటి పశువును మచ్చిక చేసికొనినది ఎన్నడని అడిగినచో కాలము ఇంకను వెనుకకు జరుగును. బొలాను కనుమ చెంత మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. 7000 ప్రాంతముననే యవలు పండించిరి. టర్కీలో ఉర్ఫా పట్టణమునకు సమీపమున గోబెక్లీ తెపే అను దిబ్బపై, క్రీ.పూ. 9500 ప్రాంతమున, సేద్యమెరుగని వేటగాండ్రు నిలువెత్తుకు మూడింతలుండు రాతిస్తంభములను చెక్కి నిలిపిన సంగతి 1995లో ఆరంభమైన త్రవ్వకములలో బయల్పడుటతో, పొలము పండి గాదె నిండిన పిదపనే మనుష్యుడు మహానిర్మాణములకు పూనుకొనెనను నమ్మకము సడలిపోయినది. చైనాలో కొర్ర, వరి, మెక్సికోలో మొక్కజొన్న, న్యూగినీ పర్వతభూములలో చేమ, అరటి: ఒకరినుండి యొకరు నేర్చుకొనకయే, భూమండలమున పలుచోట్ల పలువురు సేద్యమును తామై కనుగొనిరి. పంటల విషయమున అట్టి స్వతంత్రమైన ఆరంభములలో దక్షిణాపథమునది యొకటి యనుట నేటి పురావస్తువేత్తలలో అనేకుల అభిప్రాయము. మన పాఠ్యపుస్తకములు ఈ మాటను ఇంతవరకు చెవిని బెట్టినట్లు లేదు.

బూడిదనుగూర్చి ఇబ్రహీంపట్నము వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1979లో మొదటి యూనిట్ నడక సాగించిన నాటినుండి థర్మల్ కేంద్రము వెలువరించుచున్న బొగ్గుబూడిద వారి కన్నులయెదుటనే పేరుకొనుచున్నది. అట్టి బూడిదయే, అయితే నాలుగువేల యేండ్లకు పైబడినది, పాలమూరు, రాయచూరు, బళ్ళారి, అనంతపురము ప్రాంతములలో గుట్టలుగుట్టలుగా నున్నది. కొన్నిచోట్ల అది గాజువలె కరిగి గట్టిపడినది. వాలిని దహనము చేసిన చోటని హంపీ ప్రాంతమున జనులు చెప్పుకొనిరి. అగ్నిపర్వతముల భస్మమేమోయని కొందరు దొరలు, ఇనుము కరిగించిన కొలుముల మిగులని మరికొందరు తలపోసిరి. అది ఆవుపేడ కాలిన బూడిదయని పందొమ్మిదవ శతాబ్దిలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాదించెను. ఆ వాదమునకు తిరుగులేని సాక్ష్యము 1957లో పాలమూరు సీమలోని ఉట్నూరున లభించెను.

అచ్చట పురావస్తువేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ దిబ్బను నిలువునా కోసి చూడగా, ఒకదానిపై నొకటిగా బూడిద పొరలును, వాని నడుమ లావైన దుంగలు పాతిన గుంటలును కానవచ్చెను. గుంటల వరుసను అనుసరించి పోగా అది పెద్ద పశువుల దొడ్డియని తేలెను. దొడ్డిలో మోకాలిలోతున పేడ పేరుకొనుట, దానిని తగులబెట్టుట, దుంగలను మరల పాతి దొడ్డి కట్టుట – ఈ వరుస పలుమార్లు సాగినది. అన్నింటికంటె ఆశ్చర్యము గొలుపునది బూడిదలో నిలిచిన గిట్టల జాడలు. తడినేలపై నడచిన పశువుల అడుగులు, దూడలవి దూడలవిగా, పెద్దవానివి పెద్దవానివిగా, గుర్తింపదగియున్నవి. రాతిగొడ్డళ్ళను నున్నగా నూరి పిడి తొడిగి వాడుకొనిన ఆ జనులు లోహమును అంతగా ఎరుగరు. కుండను మాత్రము చక్కగా చేసిరి, మట్టితో మూపురపు టెద్దు బొమ్మలను చేసిరి. దొడ్డిని కావలెననియే తగులబెట్టిరనియు, మన సంక్రాంతి, దీపావళి పండుగలలో పశువులను మంటలమీదుగా తోలు ఆచారమునకు మూలము దానియందు ఉండవచ్చుననియు ఆల్చిన్ ఊహించెను. నాలుగువేల యేండ్ల దూరమును ఒక్క ఆచారముతో దాటుట నాకు సాహసముగనే తోచును. అయినను భోగిమంట ముందు నిలిచినపుడెల్ల ఆ ఊహ మనసున మెదలక మానదు.

వారు తినినదేమి? పాతకాలపు త్రవ్వకములలో ఈ ప్రశ్నను ఎవ్వరును గట్టిగా అడుగలేదు. పిమ్మట, త్రవ్విన మట్టిని నీటిలో కలిపి, పైకి తేలిన నల్లని గింజలను బట్టలో వడకట్టి, సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించు పద్ధతి వచ్చినది. పొయ్యిలో మాడి బొగ్గైన గింజ కుళ్ళదు గనుక, వేల యేండ్లైనను దాని ఆకారము చెడదు. ఇరవయ్యవ శతాబ్ది చివర డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్ మొదలైనవారు బళ్ళారి, కర్నూలు, అనంతపురము ప్రాంతముల మట్టిని ఇట్లు కడిగి చూడగా, మళ్ళీమళ్ళీ అవే గింజలు వచ్చినవి: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. గోధుమ, యవలు ఉత్తరమునుండి పిదప వచ్చి చేరినవి. వరి ఇంకను తరువాత. మధుమేహభయమున నేడు విజయవాడ అంగళ్ళలో సిరిధాన్యములని అండుకొర్రలను హెచ్చువెలకు కొనువారు, దక్షిణదేశపు తొలి రైతుల చేటలోని గింజనే తెలియక కొనుచున్నారు. ఉలవచారు సంగతి చెప్పనే అక్కరలేదు. విందుభోజనమున మీగడతో వడ్డించుకొనుచున్న ఆ చారునకు మూలమైన గింజ, వరికంటె ఎంతో ముందే తెలుగునేల నెరిగినది.

వీరికంటె పూర్వము ఈ నేల నిర్మానుష్యమా యన్నచో కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురమున, సుమారు 74 వేల యేండ్లక్రిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతము ప్రేలినపుడు పడిన భస్మపు పొర యున్నది. దాని క్రిందను, దాని పైనను మనుష్యుడు చెక్కిన రాతి పనిముట్లు దొరకినవి. కాని అది సంచారజీవుల కథ. మన ప్రస్తుతాంశము ఊరు కట్టినవారిది.

దిగువకు రావలసియున్నది. నాగార్జునకొండ లోయలో నూతన శిలాయుగపు జనులు గుంటలు త్రవ్వి గుడిసెలు వేసికొనిరి, మృతులను పూడ్చిరి. వారి వెనుక ‘రాక్షసగుళ్ళు’ అని పల్లెవారు పిలుచు పెద్దరాళ్ళ సమాధులవారు, వారి వెనుక ఇక్ష్వాకులు. సాగరు ఆనకట్ట నిర్మాణమువలన లోయ మునుగుట ఖాయమై, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున అక్కడ నూరు తావులకు పైగా త్రవ్విచూచిరి. ఒక్క లోయలో ఆదిమకాలమునుండి రాజ్యకాలమువరకు గల మెట్లన్నియు వరుసగా లభించుట మనదేశమున అరుదు. ముంపు వచ్చిపడుటచేతనే అది సాధ్యమైనదనుట చిత్రమైన సత్యము.

డెల్టాలోనైతే, గన్నవరము చేరువనున్న కేసరపల్లిలో 1962లో హెచ్. సర్కార్ జరిపిన త్రవ్వకము ముఖ్యమైనది. అచ్చట అడుగు పొరలలో రంగువేసిన పురాతన కుండపెంకులు, వాని పైపొరలలో లోపల నలుపు, వెలుపల ఎరుపు గల పెద్దరాళ్ళ సమాధులవారి పాత్రలు దొరకినవి. విమానమెక్కుటకై ఆ దారిన పోవువారిలో ఈ సంగతి విన్నవారు స్వల్పము. ఇనుపగొడ్డలి, ఇనుపకర్రు చేతికి వచ్చిన పిదపనే ఒండ్రునేలలోని దట్టపు టడవిని నరకుట, బురదను దున్నుట సుకరమయ్యెను. రాతిగొడ్డలివానికి రాళ్ళగుట్ట ప్రక్కనున్న పలుచని నేలయే అనువైనది; అందుచేతనే సారవంతమైన భూమి ఆలస్యముగా, నిస్సారమైన భూమి ముందుగా సాగులోనికి వచ్చినవి. పైగా ఈ డెల్టాయే పెరుగుచు వచ్చినది: క్రీ.శ. రెండవ శతాబ్దిలో టాలెమీ పేర్కొనిన రేవులలో కంటకస్సిల అనబడిన ఘంటసాల నేడు సముద్రమునకు చాలదూరమున నున్నది.

వరి పండి, మిగులు ఏర్పడి, సముద్రము దగ్గరయైన పిదప మార్పులు వడివడిగా సాగినవి. ధరణికోటలో 1960లనాటి త్రవ్వకములలో ఏటితో కలియు కాలువయు, ఓడలు నిలుపు కట్టడమును బయల్పడినవి. మసాలియా అను ఈ తీరమున సన్నని వస్త్రములు విస్తారముగా తయారగుచుండెనని క్రీ.శ. మొదటి శతాబ్దినాటి గ్రీకు నావికుడొకడు వ్రాసియుంచెను. ఆ వ్రాతకంటె పూర్వపు సాక్ష్యము భట్టిప్రోలుది. 1892లో అలెగ్జాండర్ రే అచ్చటి స్తూపగర్భమున శిలామంజూషలను, వానిలో స్ఫటికపు భరిణెలను కనుగొనెను. బ్రాహ్మిలో ప్రత్యేకమైన యొక శాఖకు చెందిన లిపిలో వానిపై చెక్కిన అక్షరములు క్రీ.పూ. మూడవ, రెండవ శతాబ్దుల నాటివని పండితుల నిర్ణయము. రాజు కుబేరకుని పేరు అందున్నది. రాజు పేరును చూచి మన చరిత్రకారులు సంతోషించిరి, అది న్యాయమే. కాని ఆ రాళ్ళపై ఎక్కువ తావు నాక్రమించినది రాజుగాడు. నిగమమునకు, అనగా వర్తకసంఘమునకు చెందినవారి పేర్లు, ధర్మకార్యమునకై గోష్ఠిగా కూడినవారి పేర్లు వరుసగా అందు చెక్కబడియున్నవి. ఉట్నూరు దొడ్డిలో గిట్టల జాడలు విడిచిన మందలవారికిని, తమ పేర్లను రాతిపై చెక్కించుకొనిన ఈ వర్తకులకును నడుమ గడచినది సుమారు రెండువేల యేండ్లు.