చేవెళ్ల పందిరికి బోర్డో బంధం

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ద్రాక్ష సాగు చేసిన రైతు నోట ఒక ఫ్రెంచి ఊరి పేరు రోజుకు పదిసార్లు వినబడుతుంది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు... కలిపితే 'బోర్డో' మందు. వానలు వెనక్కి తగ్గే వేళ ఆకుల అడుగున తెల్లగా పాకే బూజు తెగులుకు తాతల నాటి విరుగుడు ఇదే. ఆ బోర్డో మరేదో కాదు, ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్లు కొన్ని పుట్టే ప్రాంతం!

ఈ మందు పుట్టుక కథ గమ్మత్తుగా ఉంటుంది. అక్కడి రైతులకు దారిన పోయేవాళ్ల బెడద ఎక్కువ. రోడ్డు పక్క వరుసల్లో పండ్లు కోసుకుపోతుంటే విసిగిపోయి, చూడగానే విషమనిపించేలా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. 1880ల్లో అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు తోటలను ఊడ్చేస్తుంటే, మిలార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడి కంట ఒక వింత పడింది. తోటంతా మాడినా రోడ్డు పక్క వరుసలు పచ్చగా ఉన్నాయి. ఆయన ప్రయోగాలు చేసి 1885లో ఫలితాలు ప్రకటించాడు. దొంగలకు వేసిన మందు తెగులుకు పనిచేసిందన్నమాట!

అప్పు అక్కడితో తీరలేదు. అంతకు ముందే, 1860ల నుంచి వేళ్లను తినే ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ తోటలను దాదాపు తుడిచిపెట్టింది. అమెరికా అడవి ద్రాక్ష వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టి గట్టెక్కారు. మన దగ్గర వేరే అవసరానికి అదే ఉపాయం పనికొచ్చింది. ఉప్పు నీటిని, నీటి ఎద్దడిని తట్టుకునే 'డాగ్‌రిడ్జ్' అనే అమెరికన్ వేరు మీద మన రకాలను అంటుకడుతున్నారు.

నిద్రపోని తీగ

ఫ్రాన్స్‌లో చలికాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏడాదికి ఒకసారి కత్తిరిస్తారు, సెప్టెంబరు ప్రాంతంలో కోస్తారు. మన ఎండకు తీగకు నిద్ర ఉండదు. వదిలేస్తే ఏడాదంతా ఆకు వేస్తూనే పోతుంది, కాపు మాత్రం సరిగా రాదు. అందుకే ఇక్కడ రెండు కత్తిరింపులు. కోత అయ్యాక ఎండాకాలంలో ఒకటి. అప్పుడు వచ్చే కొత్త కొమ్మల్లోనే, ఆ మండే ఎండల్లోనే, వచ్చే ఏటి గుత్తి కంటికి కనబడకుండా మొగ్గలో రూపు దిద్దుకుంటుంది. అక్టోబరులో రెండో కత్తిరింపు, ఆ మొగ్గను లేపడానికి. నాలుగు నెలలు తిరిగేసరికి ఫిబ్రవరి, మార్చిల్లో కోత. నడుమ ఒక్క వడగళ్ల వాన పడిందా... ఏడాది కష్టం నేలపాలే.

రాజుగారి ద్రాక్ష

హైదరాబాద్ ద్రాక్ష అంటే ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీనే. పేరుకు అర్థం కూడా రాజుల ద్రాక్ష. దీన్ని ఇక్కడ పరిచయం చేసిన ఘనత హైదరాబాద్‌కు చెందిన అబ్దుల్ బాకర్ ఖాన్‌దని చెబుతారు. లేత ఆకుపచ్చ, పొడుగు పండు, గింజలు, నోట్లో పగిలితే నీళ్లూరే రసం. హెక్టారుకు 35 టన్నుల దాకా సగటు దిగుబడి... అంటే ఎకరాకు పద్నాలుగు! తీగ బరువు మోయడానికే ఆరడుగుల ఎత్తు పందిళ్లు. గింజలేని థామ్సన్, దాని వంశంలోని తాస్-ఎ-గణేశ్ వచ్చాక బజారు అటు తిరిగింది. పిల్లలు గింజ ఉమ్మడానికి బద్ధకిస్తారు కదా! నిజానికి రసం రుచిలో మాత్రం షాహీదే పైచేయి.

మరి ఇంత పంట పండే చోట వైన్ ఎందుకు పుట్టలేదు? జవాబు తీపిలో ఉంది. షాహీ రసంలో చక్కెర సుమారు 14 నుంచి 16 శాతం. వైన్‌కు 20 దాటాలి. పదిహేడు గ్రాముల చక్కెర పులిస్తే లీటరుకు ఒక శాతం మద్యం వస్తుంది. అంటే షాహీ రసం ఎనిమిది తొమ్మిది శాతం దగ్గరే ఆగిపోతుంది. అది నిలవ ఉండదు. పైగా ఫ్రాన్స్‌లో, ముఖ్యంగా బర్గండీ లాంటి చోట, పదిహేను ఇరవై ఎకరాల చిన్న తోటవాళ్లు కావాలనే పంట తగ్గించుకుంటారు. ఎకరాకు రెండు రెండున్నర టన్నులే! గుత్తులు తక్కువైతే ఉన్నవాటిలో రుచి చిక్కబడుతుందని వాళ్ల లెక్క. ఏ ఊళ్లో ఏ రకం వేయాలో కూడా నియమాలు చెబుతాయి. బర్గండీ ఎరుపుకు పినో న్వార్, తెలుపుకు షార్డొనే, బోజొలేకు గమే, బోర్డోలో కాబెర్నే, మెర్లో. సీసా మీద చాలాసార్లు పండు పేరు ఉండదు, ఊరి పేరే ఉంటుంది.

మన దేశంలో ఆ దారి పట్టింది నాసిక్, బెంగళూరు దగ్గరి నంది హిల్స్. చేవెళ్ల పండు మాత్రం తినే పండుగానే మిగిలింది.

పళ్లెంలో జోడీ

ఏ నేల వైన్‌కు ఆ నేల వంటే జోడీ అంటారు ఫ్రెంచివాళ్లు. ఎర్ర వైన్‌లోని వగరు మాంసంలోని కొవ్వుకు సరిపోతుంది. పులుపున్న తెలుపు చేపకు నప్పుతుంది. మన గుంటూరు కారం ముందు ఈ సూత్రాలన్నీ చేతులెత్తేస్తాయి. వగరు, కారం కలిస్తే మంట రెట్టింపు! అలాంటి చోట కాస్త తీపి మిగిలిన చల్లని తెలుపే మేలు.

వైన్ సంగతి అటుంచితే, పండుకే మన వంటింట్లో బోలెడు జోడీలున్నాయి. పెరుగన్నంలో తాలింపు పెట్టాక నాలుగు షాహీ పండ్లు కోసి కలపండి... కారపు ఊరగాయ పక్కన ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ముదరని పుల్ల కాయలను పచ్చిమిర్చితో నూరితే పచ్చడి. ఇరానీలు ఆ పులుపు కాయలనే కూరల్లో వేస్తారు, ఫ్రెంచివాళ్లు రసం తీసి చింతపండులా వాడుకుంటారు. ఇక కిస్‌మిస్ లేని పాయసం ఉందా!

పందిరి చిక్కిపోతోంది

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చిలో వచ్చిన జీవో 111, వాటి చుట్టూ పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, భారీ నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్‌లో చాలా ఊళ్లు, చేవెళ్లలో కొన్ని అందులోవే. పచ్చదనం నిలిచింది గానీ ద్రాక్ష నిలవలేదు. తెగుళ్ల మందుల ఖర్చు, పందిరి ఇనుము ధర, కత్తిరింపుకు దొరకని కూలీలు, అడుగంటిన బోర్లు, నాసిక్, సాంగ్లీల నుంచి లారీల్లో దిగే చవక పండు... ఒక్కో కారణానికి ఒక్కో తోట పోయింది. చాలాచోట్ల పూలు, కూరగాయలు, ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆంక్షలను సడలించాక ఎకరం ధర ముందు ఏ పంటా నిలబడే పరిస్థితి లేదు.

ఉన్న కొద్ది తోటల్లో కొందరు దళారిని వదిలేసి గేటు తెరిచారు. ఫిబ్రవరి, మార్చిల్లో నగరం నుంచి కుటుంబాలు వచ్చి, కత్తెర పట్టుకుని తామే కోసుకుని తూకం వేయించుకుంటున్నాయి. చిలుకూరు బాలాజీ దర్శనం అయ్యాక అటే వెళ్లేవాళ్లూ ఉన్నారు. వెళితే ఒక్క మాట... కోశాక ద్రాక్ష ఇంట్లో పండదు, అరటిలా మాగదు. గుత్తి చిట్టచివరి పండు ఆఖరున తీపెక్కుతుంది కాబట్టి ముందు దాన్నే రుచి చూడండి. అది తియ్యగా ఉంటే గుత్తి కోయొచ్చు. పండు మీది తెల్లటి పొర చూసి కంగారు వద్దు, చాలావరకు అది సహజమైన మైనం. అయినా ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి కడగండి. బోర్డో మందు చల్లిన తోట కదా!