క్లోమం తనను తాను అరిగించుకుంటే

బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కింద పుట్టిన నొప్పి వెన్నులోకి పాకుతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది. ముందుకు వంగి మోకాళ్లు పొట్టకు ఆనించుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. తిన్నాక పెరుగుతుంది కాబట్టి రోగి తిండి తగ్గించేస్తాడు, చిక్కిపోతాడు. మన ఇళ్లలో ఈ నొప్పికి మొదట పడే పేరు గ్యాస్. వాము, సోడా, పరగడుపున వేసుకునే మాత్ర అంటూ నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా లోపల క్లోమం కొంచెం కొంచెంగా పీచుకట్టి, రాళ్లు పట్టి, పనికిరాకుండా పోతూ ఉండొచ్చు. ఈ జబ్బునే డాక్టర్లు క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ అంటారు.

క్లోమం జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉండే సుమారు 15 సెంటీమీటర్ల గ్రంథి. రోజుకు లీటరుకు పైగా జీర్ణరసాన్ని చిన్నపేగులోకి పంపుతుంది. అందులోని లైపేజ్ కొవ్వును, అమైలేజ్ పిండి పదార్థాన్ని, ట్రిప్సిన్ మాంసకృత్తులను విడగొడతాయి. అదే గ్రంథిలో చెల్లాచెదురుగా ఉన్న కణాల గుంపులు ఇన్సులిన్‌ను, గ్లూకగాన్‌ను తయారుచేసి నేరుగా రక్తంలోకి వదులుతాయి.

మంట ఎక్కడ మొదలవుతుంది?

మాంసాన్ని అరిగించే రసం మాంసంతోనే చేసిన అవయవంలో పుడుతుంది. మరి ఆ అవయవం ఎందుకు అరిగిపోదు? ట్రిప్సిన్ అక్కడ ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో తయారవుతుంది. చిన్నపేగుకు చేరాకే ఎంటిరోకైనేజ్ అనే మరో ఎంజైము దాన్ని మేల్కొలుపుతుంది. ఏ కొద్ది ట్రిప్సినో పొరపాటున గ్రంథిలోనే మేల్కొంటే, స్పింక్1 అనే జన్యువు తయారుచేసే ప్రొటీను దాన్ని పట్టి కదలనివ్వదు. ఈ కట్టుబాట్లు తప్పితే క్లోమం తనను తానే అరిగించుకుంటుంది. ఈ జబ్బులో జరిగేది అదేనని వైద్య పరిశోధకుడు హాన్స్ కియారీ 1896లోనే ప్రతిపాదించాడు. వంశపారంపర్యంగా ఈ జబ్బు వచ్చే కుటుంబాల్లో ట్రిప్సినోజెన్ జన్యువులోనే లోపం ఉందని 1996లో అమెరికాలో డేవిడ్ విట్‌కాంబ్ బృందం కనిపెట్టడంతో ఆ ఊహకు గట్టి ఆధారం దొరికింది.

మళ్లీ మళ్లీ మంట రేగితే గ్రంథి మెత్తదనం పోయి గట్టి మచ్చ కడుతుంది. రసం చిక్కబడి ప్రొటీను గడ్డలు తేలతాయి. వాటిపై కాల్షియం పేరుకుని రాళ్లవుతాయి. పూడిపోయిన పంట కాలువలో ఎగువన నీరు ఎగదన్నినట్టు, ప్రధాన నాళం అడ్డుపడిన చోటికి వెనక ఒత్తిడి పెరుగుతుంది. చుట్టూ ఉన్న నరాలు కూడా వాచి, నొప్పికి అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. అందుకే కొందరికి రాయి తీసేసినా నొప్పి పోదు.

తాగని వాళ్లకూ ఎందుకు?

ప్రపంచమంతటా చూస్తే ఈ జబ్బుకు ప్రధాన కారణం మద్యం. పొగ కూడా దానంతట అదే కారణం. రెండూ కలిస్తే రాళ్లు త్వరగా పడతాయి. అయితే దక్షిణ భారతంలో కథ అక్కడితో ఆగదు. చుక్క ముట్టని పిల్లల్లో, యువతలో పెద్ద పెద్ద రాళ్లతో వచ్చే రకాన్ని 1960లలో కేరళలో డాక్టర్ గీవర్గీస్ విస్తృతంగా నమోదు చేశారు. దాన్ని ట్రాపికల్ ప్యాంక్రియాటైటిస్ అన్నారు. పోషకాహార లోపమనీ, కర్రపెండలంలోని సయనైడ్ పదార్థాలనీ అప్పట్లో అనుమానించారు. అవేవీ రుజువు కాలేదు.

ఈ చిక్కుముడిలో ఒక పోగు హైదరాబాద్‌లో విడింది. సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలిసి 2002లో ప్రచురించిన పరిశోధన, ఈ రోగుల్లో స్పింక్1 జన్యువులోని మార్పులకు జబ్బుతో గట్టి సంబంధం ఉందని చూపింది. అంటే ట్రిప్సిన్‌కు వేసే పగ్గం బలహీనం. కానీ అదే మార్పు ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ కొద్దిమందికి ఉంటుంది. ఈ మార్పు జబ్బుకు దారి తెరుస్తుందే గానీ, అది ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరదు. తాగకపోయినా ఈ జబ్బు రావచ్చన్నది, మద్యం తాగుతున్నారనే అనుమానంతో ఈ రోగుల్ని నిలదీసే బంధువులు తెలుసుకోవాల్సిన సంగతి.

ఏ పరీక్ష ఏం చెబుతుంది?

ఇక్కడ చాలామంది బోల్తా పడేది రక్తపరీక్ష దగ్గర. హఠాత్తుగా వచ్చే ప్యాంక్రియాటైటిస్‌లో అమైలేజ్, లైపేజ్ బాగా పెరుగుతాయి. క్రానిక్‌లో మాత్రం ఎంజైములు తయారుచేసే కణాలే తరిగిపోయి ఉంటాయి కాబట్టి రిపోర్టు నార్మల్ రావచ్చు. రిపోర్టు బాగుందని జబ్బు లేదనుకోకూడదు.

మామూలు అల్ట్రాసౌండ్‌లో ముదిరిన రాళ్లు కనిపించొచ్చు గానీ, పేగుల్లో గాలి అడ్డొస్తే క్లోమం సరిగా తెలియదు. రాళ్లను బాగా పట్టేది సీటీ స్కాన్. నాళం ఎక్కడ వెడల్పయింది, ఎక్కడ ఇరుకైంది అన్నది ఎంఆర్‌సీపీ అనే స్కాన్ చూపుతుంది. తొలిదశ మార్పులు అనుమానమైతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేస్తారు. ఇందులో లోపలికి పంపే గొట్టం చివర ఉన్న స్కానర్ జీర్ణాశయం గోడకు ఆనుకుని క్లోమాన్ని దగ్గరగా చూస్తుంది.

గ్రంథి ఎంత పనిచేస్తోందో చెప్పేది మలపరీక్ష. మలంలో ఎలాస్టేజ్ గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తగ్గితే లోపాన్ని అనుమానిస్తారు. 100 కంటే తగ్గితే అనుమానం బలపడుతుంది. నీళ్ల విరేచనాలు అవుతున్నప్పుడు ఇస్తే ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. మలం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లు పోసినా పోకుండా తేలుతుంటే కొవ్వు అరగడం లేదని అర్థం. అయితే ఎంజైముల ఉత్పత్తి పదింట తొమ్మిది వంతులు పడిపోతే గానీ ఈ లక్షణం సాధారణంగా బయటపడదు. దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

చికిత్సలో మూడు పనులు

మచ్చకట్టిన క్లోమం తిరిగి మామూలు కాదు. అలాగని వైద్యం చేతులెత్తేయదు. దెబ్బ పెరగకుండా ఆపడం, కొరవడింది బయటినుంచి ఇవ్వడం, అడ్డుపడింది తీయడం, ఈ మూడూ సాధ్యమే.

మొదటిది మద్యం, పొగ పూర్తిగా మానడం. కారణం ఏదైనా ఈ సలహా అందరికీ వర్తిస్తుంది.

రెండోది ఎంజైము గుళికలు. ఒక గుళిక విప్పి చూస్తే లోపల ఒకటి రెండు మిల్లీమీటర్ల పూసలు కనిపిస్తాయి. జీర్ణాశయంలోని ఆమ్లానికి కరగని పూత వాటిపై ఉంటుంది, చిన్నపేగులో కరుగుతుంది. పూసల్ని నమిలితే పూత పోతుంది, మందూ వృథా అవుతుంది. పెద్ద భోజనానికి సాధారణంగా 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్, చిరుతిండికి అందులో సగం ఇస్తారు. చాలామంది చేసే తప్పు, దీన్ని పరగడుపునో భోజనం ముగిశాకో వేసుకోవడం. తొలి ముద్దతో మొదలుపెట్టి భోజనం మధ్యలో మిగతావి వేసుకుంటేనే అన్నంతో కలిసి దిగుతుంది. ఈ ఎంజైములు పంది క్లోమం నుంచి తీసినవి. మతపరమైన, ఆహారపరమైన పట్టింపులున్న రోగికి ఆ సంగతి ముందే చెప్పి మాట్లాడుకోవడం మంచిది. లేకపోతే తెలిసిన రోజున మందు ఆపేస్తారు. నూనె చుక్క లేకుండా తినమనే పాత సలహా ఇప్పుడు లేదు. ఎంజైములు వేసుకుంటూ కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటూ, ఒంటిబరువు నిలబెట్టుకోవడమే లక్ష్యం. ఏ, డీ, ఈ, కే విటమిన్లు, ఎముకల బలం కూడా చూసుకోవాలి.

మూడోది నాళాన్ని తెరవడం. చిన్న రాళ్లను ఎండోస్కోపీతో తీసి, ఇరుకైన చోట స్టెంటు వేస్తారు. అయిదు మిల్లీమీటర్లు దాటిన రాళ్లను ముందుగా ఒంటి బయటినుంచి షాక్ తరంగాలతో పొడి చేస్తారు. మూత్రపిండాల రాళ్లకు వాడే పద్ధతే ఇది. పైన చెప్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, ఈ పద్ధతిలో చికిత్స పొందిన వెయ్యిమందికి పైగా రోగుల ఫలితాలు 2010లో ప్రచురించింది. దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో రాళ్లు పూర్తిగా పోయాయి. నొప్పి లొంగకపోతే శస్త్రచికిత్స ఉంది. నాళాన్ని పొడుగునా చీల్చి పేగుకు కుట్టడం, అవసరమైతే క్లోమం తల భాగాన్ని కొంత తొలిచేయడం చేస్తారు. మాత్రలు, ఎండోస్కోపీ అన్నీ అయ్యాక చివర్లో కత్తి పట్టడం కంటే, నాళం వెడల్పయిన రోగుల్లో ముందుగానే శస్త్రచికిత్స చేస్తే నొప్పి మెరుగ్గా తగ్గిందని నెదర్లాండ్స్‌లో జరిగి 2020లో వెలువడిన ఎస్కేప్ అధ్యయనం చూపింది. ఆపరేషన్ ఓడిపోయినవాళ్ల చివరి మెట్టు అన్న అభిప్రాయాన్ని ఇది సడలించింది.

ఈ రోగులకొచ్చే షుగరు కూడా వేరు. ఇన్సులిన్‌తోపాటు దాన్ని సరిదిద్దే గ్లూకగాన్ కూడా తగ్గుతుంది కాబట్టి, ఇన్సులిన్ కాస్త ఎక్కువైనా రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ క్లోమ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. కొత్తగా కామెర్లు వచ్చినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా పాత జబ్బే అని సరిపెట్టుకోకూడదు.

సన్నగా ఉన్న ఇరవై, ముప్ఫై ఏళ్ల మనిషికి షుగరు బయటపడి, చిన్నప్పటినుంచి వచ్చిపోయే కడుపునొప్పి ఉందని తేలితే, మందుల చీటీ రాసే ముందు క్లోమాన్ని ఒకసారి స్కాన్ చేయించమని డాక్టర్‌ను అడగండి. రాళ్లు ఉంటే అప్పుడే తెలుస్తుంది, ఎంజైములు, ఇన్సులిన్, ఎండోస్కోపీ ఏది కావాలో అప్పుడే నిర్ణయించుకోవచ్చు.