నడుస్తలేదు అంటే సరిపోదు, యాడ ఆగిందో చెప్పాలె

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 నాడు సపోర్ట్ బంద్ పెట్టింది. అప్పటిసంది ఎవలిని అడిగినా ఒక్కటే మాట: గా పాత లాప్‌టాప్ ఇగ పనికిరాదు, తూకానికి ఎయ్యి. విండోస్ 11 ఎక్కాల్నంటె 4 జీబీ ర్యామ్ ఉండాలె, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలె, ప్రాసెసర్ గా కంపెనీ రాసిన లిస్టుల ఉండాలె. కీబోర్డు మంచిగనే ఉంటది, స్క్రీన్ మంచిగనే ఉంటది. లిస్టుల పేరు లేదు కాబట్టి చెత్తకింద లెక్క.

గిసొంటి మిషిన్లకు తేలికపాటి లినక్స్ ఎక్కించుకోండ్రని నేను మస్తుమందికి చెప్త. ఇయ్యాల చెప్పేది మాత్రం ఎక్కించే ముచ్చట కాదు. అది మీ పాత మిషిన్ మీద నడుస్తదని ముందుగాల చూసింది ఎవలు, ఎట్ల చూసిన్రు అనే ముచ్చట. ఎందుకంటె గీ పని చేసేటోళ్లు తగ్గితే, పాత మిషిన్లకు లినక్స్ కూడ తలుపు మూస్తది. ఇప్పటికే కొంత మూసింది.

లుబుంటునే తీస్కుందాం. ఉబుంటుకు చెల్లె లెక్క ఇది. 2011 అక్టోబర్‌ల వచ్చిన 11.10 సంది అధికారికంగ ఆ కుటుంబంల ఉన్నది. లోపటి ఇంజన్ అదే, మీద కనపడే డెస్క్‌టాప్ మాత్రం తేలిక. మొదట్ల ఎల్ఎక్స్‌డీఈ ఉండె, 2018ల వచ్చిన 18.10 సంది ఎల్ఎక్స్‌క్యూటీ. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌ల ఒకటి, అక్టోబర్‌ల ఒకటి కొత్తది వస్తది. తయారుచేసేటోళ్లు కొద్దిమందే, ఎక్కువగ ఖాళీ టైముల పనిచేసే వాలంటీర్లు. పెద్ద కంపెనీల లెక్క వందల మోడళ్లు వరుసగ పెట్టుకున్న ల్యాబ్ వాళ్లకు లేదు. పదేండ్ల కింద మీరు కొన్న మోడల్ వాళ్ల ఇంట్ల ఉండదు, మీ ఇంట్లనే ఉంటది. ల్యాబ్ అంటే మనమే అన్నట్టు.

పని ఎట్ల నడుస్తదంటె, కొత్తది రాకముందు కొన్ని నెలలు దాదాపు రోజూ ఒక ఐఎస్ఓ ఫైల్ బయటికి వస్తది. రోజూ మొత్తం దించుకోవాల్నంటె డేటా బగ్గ ఖర్చయితది. అందుకే జెడ్‌సింక్ అనే సాధనం పెట్టిన్రు, నిన్నటి ఫైల్ మీ దగ్గరుంటె ఇయ్యాల మారిన ముక్కలే దించుతది. నెలకు లెక్కగట్టి డేటా వాడుకునేటోళ్లకు ఇది పెద్ద సంగతి. ఫైల్ మంచిగ దిగిందా లేదా అని చెక్‌సమ్ చూసుకోవాలె. సగం దిగిన ఫైల్ పెన్‌డ్రైవ్‌ల వేసి, ఆగిపోయిందని రాస్తె అవతలోళ్లకు రెండు రోజులు వేస్టు.

తర్వాత టెస్ట్ కేస్. పేరు పెద్దగున్నది గాని, చెయ్యాల్సిన పనుల చీటీ అది. ఎక్కించకుండ పెన్‌డ్రైవ్ మీదనే నడిపి చూడుడు ఒకటి, డిస్క్ మొత్తం తుడిచి ఎక్కించుడు ఒకటి, ఉన్న సిస్టమ్ పక్కకు ఎక్కించుడు ఇంకోటి. చీటీల ఉన్నట్టు చేసి, పాసైందా ఫెయిలైందా అని ఉబుంటు వాళ్ల టెస్టింగ్ ట్రాకర్‌ల నమోదు చెయ్యాలె. ఫెయిలైతే బగ్ నంబర్ ఇయ్యాలె. గీ పనికి కోడ్ రాసుడు రానవసరం లేదు, ఓపిక ఉండాలె. పాసైన సంగతి రాసుడు దండుగ అనుకుంటరు కొందరు. నా లెక్కల అదే ఎక్కువ అవసరం. ఎవ్వలు ఏం రాయకపోతె, అది నడిచిందో, అసలు ఎవ్వలు ముట్టనే లేదో తెల్వదు.

గిట్ల రాసుకుంట పోతె ఏమొస్తదంటరా? పెంటియమ్ ఎం సంగతి చెప్త. 2003 ప్రాంతంల లాప్‌టాపులల్ల బాగ నడిచిన ప్రాసెసర్ అది. 32-బిట్ మిషిన్ 4 జీబీ మించి మెమరీ వాడుకోవాల్నంటె పీఏఈ అనే ఏర్పాటు కావాలె. 2012ల వచ్చిన 12.04 దాంక పీఏఈ లేని కెర్నల్ కూడ లుబుంటుల ఉండె. 12.10ల తీసేసిన్రు. ఇగ చాన మంది పెంటియమ్ ఎం లాప్‌టాపులు, మీ ప్రాసెసర్‌ల పీఏఈ లేదు అని మొదట్లనే ఆగిపోయినయ్. అయితే వాడేటోళ్లు పట్టుకున్నరు, పీఏఈ ఉన్నదే ఉన్నది, ఆ ప్రాసెసర్ ఉన్నదని బయటికి చెప్తలేదు అంతే. ముందు ఆ అడ్డం దాటేతందుకు వాళ్లే ఉపాయాలు చేసుకున్నరు. 14.04 వచ్చేసరికి ఫోర్స్‌పీఏఈ అనే మాట కెర్నల్‌లనే చేరింది. బూట్ అయ్యేటప్పుడు గా ఒక్క మాట టైప్ చేస్తె మిషిన్ లేస్తది. ఎక్కించినంక కూడ లేవాల్నంటె ఆ మాటను రెండుసార్లు, నడుమ రెండు గీతలు పెట్టి రాయాలె. రెండోది ఎందుకంటె, ఇన్‌స్టాలర్ దాన్ని డిస్క్ మీదికి మోసుకపోతది. గిసొంటి చిన్న సంగతులు సొంతంగ చేసి చూసినోళ్ల నుంచే బయటికొస్తయి.

మల్ల రెండోదిక్కు కూడ చూడాలె. 2019 ఏప్రిల్‌ల వచ్చిన 19.04 సంది లుబుంటు 32-బిట్ ఇచ్చుడే బంద్ చేసింది, జుబుంటు కూడ అంతే. పాత 18.04కు సపోర్ట్ 2021 ఏప్రిల్‌తోని అయిపోయింది. 2025ల వచ్చిన డెబియన్ 13ల 32-బిట్ పీసీ ఇన్‌స్టాలరే లేదు. తయారుచేసేటోళ్లను తిట్టుడు న్యాయం కాదు. తమ దగ్గర మిషిన్ లేక, ఉన్నోళ్లు చెప్పక, నడుస్తదో లేదో తెల్వని దాన్ని నడుస్తదని వాళ్లెట్ల ఇస్తరు? ఇప్పుడు ఆ వంతు 2 జీబీ, 4 జీబీ ర్యామున్న 64-బిట్ మిషిన్లది.

రిపోర్ట్ రాసే కాడ మనోళ్లకు ఒక అలవాటున్నది. "వైఫై వస్తలేదు, చూడుండ్రి" అని రాసి ఊకుంటరు. ఎవలికి ఏం సమజైతది? మా దోస్తు మిషిన్‌ల వైఫై అట్లనే రాలేదు. టెర్మినల్‌ల ఎల్ఎస్‌పీసీఐ అని కొడితె చిప్పు పేరొచ్చింది, డీమెసేజ్ అని కొడితె ఆ చిప్పుకు కావాల్సిన ఫర్మ్‌వేర్ దొరుకుతలేదని ఒక లైన్ కనపడ్డది. గా రెండు లైన్లు, మోడల్ పేరు, ఏ తారీఖు ఐఎస్ఓ, పోయినసారి వెర్షన్‌ల నడిచిందా లేదా, ఇవి రాస్తె అవతలోడు పని షురూ చెయ్యగలడు. అంతకన్న ముందు ఇంకోసారి అదే చేసి చూడాలె, మల్ల అదే అయితదా అని.

ఇగ తెలుగు సంగతి. ఇది మనం చూడకపోతె ఇంకెవ్వలు చూడరు. 2018 ఫిబ్రవరిల జ్ఞా అనే ఒక్క అక్షరం మెసేజ్‌ల వస్తె ఐఫోన్ యాప్‌లు కూలిపోయిన ముచ్చట యాదికున్నదా? అన్ని పైసలున్న కంపెనీకే తెలుగు అక్షరం అట్ల తప్పించుకుంటె, కొద్దిమంది వాలంటీర్లు ఏం చేస్తరు? హైదరాబాద్‌ల స్వేచ్ఛ వాళ్లు తెలుగు లినక్స్ కోసం ఎప్పటిసందో పనిచేస్తున్నరు గాని, ప్రతి డిస్ట్రోను వాళ్లే చూడాల్నంటె అయ్యే పని కాదు. లైవ్‌ల పెట్టంగనే తెలుగు ఫైల్ పేర్లు అక్షరాలు కనపడుతున్నయా, ఉత్త డబ్బాలు కనపడుతున్నయా చూడాలె. లక్ష్మి, స్వాతంత్ర్యం, సాఫ్ట్‌వేర్ అని టైప్ చేసి వత్తులు కిందికి దిగుతున్నయా చూడాలె. ఐబస్‌తోని కీబోర్డు మారుస్తె, మల్ల లాగిన్ అయినంక కూడ అట్లనే ఉంటదా చూడాలె. మెనూల అనువాదం అరకొర ఉంటె అదీ రాయాలె. పది నిమిషాల పని.

ఒక్క జాగ్రత్త. పిల్లల ఫొటోలు, పొలం కాగితాలు ఉన్న డిస్క్ మీద టెస్ట్ చెయ్యొద్దు. ఇంకా పూర్తిగాని సిస్టమ్ అది, తుడిచేస్తె అడిగేందుకు ఎవ్వలుండరు. పాత హార్డ్ డిస్క్ వేరేది ఉంటె అది పెట్టుండ్రి, లేకుంటె పెన్‌డ్రైవ్ మీద లైవ్‌ల నడిపి చూసినా సరిపోతది. ఏప్రిల్‌ల వచ్చేదానికి బీటా మార్చి కాడ, అక్టోబర్‌ల వచ్చేదానికి సెప్టెంబర్ కాడ వస్తది. తప్పులు దిద్దేతందుకు టైముండేది అప్పుడే.